పుట్ట ఉంటేనే పుట్టగొడుగు: అడవి పుట్టగొడుగును ఎలా గుర్తుపట్టాలి?

(ఎపిసోడ్‌లో మాట్లాడింది మాట్లాడినట్టే, చదవడానికి వీలుగా కొద్దిగా సర్ది ఇస్తున్నాను.)

  వానలు మొదలయ్యాయి కాబట్టి ఇవాళ పుట్టగొడుగుల గురించి మాట్లాడుకుందాం. బజార్లో ప్లాస్టిక్ డబ్బాలో దొరికే బటన్ మష్రూమ్ గురించి కాదు. అడవి అంచున, చేను గట్టు మీద, పుట్ట పక్కన తనంతట తాను మొలిచే అసలు పుట్టగొడుగు గురించి.

ముందు ఈ బల్ల మీద చూడండి. రెండు పెట్టాను. రెండూ తెల్లగానే ఉన్నాయి, రెండూ అరచేయంత ఉన్నాయి, రెండింటికీ గొడుగుంది, కాడుంది, గొడుగు కింద పల్చటి రేకులున్నాయి. ఒకటి నిన్న పొద్దున చేను గట్టు మీద తవ్వి తెచ్చింది. రెండోది మా కాలనీ పార్కులో గడ్డిలోంచి తెచ్చింది. మొదటిది కూర వండితే ఆ వాసనకి పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకుని వస్తారు. రెండోది వండితే అంబులెన్స్ వస్తుంది.

నవ్వులాటకి అనడం లేదండి. మా ఇంటికి నిజంగానే వచ్చింది.

కొన్నేళ్ళ క్రితం, ఇలాగే జులై నెల. హైదరాబాద్ శివార్లలో అప్పుడే కట్టిన కాలనీలోకి మారాం. రెండు రోజులు ముసురు పట్టి విడిచింది. పొద్దున నడకకి వెళ్తే పార్కులో గడ్డి మీద గుండ్రంగా, ఎవరో కొలిచి నాటినట్టు తెల్లటి పుట్టగొడుగులు. నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు అమ్మమ్మ వెంట ఉట్నూరు వైపు అడవిలో తిరిగినవాణ్ణి, నాకు తెలియని పుట్టగొడుగా అనుకున్నాను. కాడ పట్టుకుని గుంజి, సంచీ నింపుకుని ఇంటికొచ్చాను. మా అమ్మ సంచీలోకి చూసి ఒకే మాట అడిగింది, "అక్కడ పుట్ట ఎక్కడుందిరా?" అని. "సిటీలో పుట్టలెక్కడుంటాయమ్మా" అని నవ్వేశాను. ఆమె ఇంకేం అనలేదు. నేను తెచ్చాను కదా అని వండింది.

రాత్రి ఎనిమిదింటికి తిన్నాం. పదింటికల్లా ముగ్గురికీ వాంతులు మొదలయ్యాయి. నేనూ నా భార్యా పొద్దుటికి తేరుకున్నాం. అమ్మకి మాత్రం బీపీ పడిపోయి రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నంతసేపూ ఆమె అడిగిన ప్రశ్నే తలలో తిరిగింది. అమ్మ అడిగింది ఆ పుట్టగొడుగును గుర్తుపట్టడానికి అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న. జవాబు చెప్పలేకపోతే అది పొయ్యి దాకా రాకూడదు. ఇవాళ చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

సరే, విషయంలోకి వద్దాం. తెలుగులో పేరు చూడండి. పుట్ట, గొడుగు. ఇంగ్లీషులో మష్రూమ్ అంటే ఏదైనా మష్రూమే. మనవాళ్ళు మాత్రం పేరులోనే అడ్రస్ పెట్టారు. కొన్ని చోట్ల పుట్టకొక్కులు అంటారు, అందులోనూ పుట్ట ఉంది. పుట్ట సంబంధం లేకుండా ఎక్కడపడితే అక్కడ మొలిచేవాటికి కుక్కగొడుగులని వేరే పేరు పెట్టారు. ఇప్పుడు మనం బటన్‌నీ, ఆయిస్టర్‌నీ, పాల పుట్టగొడుగునీ అన్నింటినీ పుట్టగొడుగులే అంటున్నాం కాబట్టి ఆ తేడా చెదిరిపోయింది. నా తలలోనూ అలాగే చెదిరింది.

శాస్త్రంలో వీటి ప్రజాతి పేరు టెర్మిటోమైసిస్. టెర్మైట్ అంటే చెదపురుగు, మైసిస్ అంటే శిలీంధ్రం, అంటే చెదల శిలీంధ్రం. రోజర్ హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1942లో పెట్టిన పేరు. దక్షిణ భారతంలో దొరికే ఒక మంచి రకానికి మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ 1979లో ఆ హైమ్ పేరు మీదనే టెర్మిటోమైసిస్ హైమీ అని పేరు పెట్టారు. మన అమ్మమ్మలు పెట్టిన పేరూ, శాస్త్రం పెట్టిన పేరూ ఒకే సంగతి చెప్తున్నాయి. ఈ శిలీంధ్రం పుట్టని విడిచి బతకదు.

ఎందుకు బతకదు? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కొంచెం నిదానంగా చెప్తాను.

పుట్ట పెట్టేది పాము కాదు, మామూలు చీమ కూడా కాదు, చెదపురుగు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఒడాంటోటెర్మిస్ అనే జాతి. చెట్టు బెరడు మీద, ఎండు కట్టెల మీద మట్టి పూత పూసి లోపల తింటూ ఉంటాయి చూడండి, అవే. ఎండుటాకులు, పుల్లలు, గడ్డి కొరుక్కుని తింటాయి కానీ అందులోని గట్టి పదార్థాన్ని, అంటే కట్టెని కట్టెగా నిలబెట్టే లిగ్నిన్‌ని, అవి సరిగ్గా అరిగించుకోలేవు. అందుకని ఏం చేస్తాయంటే, సగం అరిగిన ఆ పదార్థాన్ని పుట్ట అడుగున గదుల్లో విసర్జించి, దాంతోనే తేనెతుట్టెలాంటిది కడతాయి. గోధుమరంగులో స్పాంజిలాగా మడతలు మడతలుగా ఉంటుంది. ఆ విసర్జనలోనే ఈ శిలీంధ్రపు స్పోర్లు, అంటే బీజాలు కలిసి ఉంటాయి. తుట్టె నిండా శిలీంధ్రం అల్లుకుంటుంది, లిగ్నిన్‌ని విరగ్గొడుతుంది. దాని మీద ఆవగింజంత తెల్లటి గుళికలు పుడతాయి. వాటినీ, పాతబడిన తుట్టెనీ చెదలు తింటాయి. ఎరువు వేసి, విత్తు చల్లి, పంట తిని, మళ్ళీ ఎరువు వేయడం. ఇది వ్యవసాయం కాకపోతే మరేంటండి? మనిషి వ్యవసాయం మొదలుపెట్టి పదీ పన్నెండు వేల ఏళ్ళు. చెదలు ఈ సాగు మొదలుపెట్టి సుమారు 3 కోట్ల ఏళ్ళు. ఆఫ్రికాలో మొదలై ఆసియాకి వచ్చింది.

అన్ని చెదలూ ఈ సాగు చేయవు, అది గుర్తుంచుకోండి. ఈ ఒక్క ఉపకుటుంబమే చేస్తుంది.

ఇక వానాకాలం వచ్చి నేల బాగా నానాక, లోపలి తుట్టె నుంచి ఒక మొలక పైకి బయల్దేరుతుంది. అదే మన పుట్టగొడుగు. తుట్టె జానెడు లోతులో ఉండొచ్చు, మూరెడు లోతులో ఉండొచ్చు, ఇంకా కింద కూడా ఉండొచ్చు. అంత మట్టిని చీల్చుకుని పైకి రావాలి. అందుకే దీని శరీరం అంతా ఆ ప్రయాణానికి తగ్గట్టు ఉంటుంది. గుర్తుపట్టే ఆనవాళ్ళన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఒక్కసారి ఈ కారణం అర్థమైతే ఆనవాళ్ళు బట్టీ పట్టక్కర్లేదు.

మొదటిది ముక్కు. గొడుగు నడినెత్తిన చూడండి, చిన్న మొన ఉంది. మిగతా గొడుగు కంటే రంగు ముదురుగా, తాకితే గట్టిగా ఉంటుంది. మట్టిని పొడుచుకుని వచ్చే గునపం అది. కొన్ని రకాల్లో సూదిలా ఉంటుంది, క్లిపియేటస్ అనే రకంలో మరీ స్పష్టంగా. హైమీలో కొంచెం మొద్దుగా, బూడిదరంగు కలిసిన గోధుమరంగు మచ్చలా ఉంటుంది. గొడుగు విచ్చుకున్నాక అంచులు అక్కడక్కడా చీలతాయి.

రెండోది వేరు. నిజానికి వేరు కాదు, కాడే కింద సన్నబడుతూ వేరులా తుట్టె దాకా సాగుతుంది. అయినా మనం వేరనే అందాం. మా అమ్మమ్మ ఎప్పుడూ అనేది, "గుంజకు బిడ్డా, తవ్వు. ఏరు ఏడిదాకా పోయిందో చూడు" అని. ఆమె చేతిలో చిన్న గడ్డపలుగు ఉండేది. గుంజితే వేరు మధ్యలో తెగిపోతుంది, పైముక్క చేతికొస్తుంది. పైముక్క మాత్రమే చేతిలో ఉంటే ఇది అదో, అది ఇదో చెప్పడం కష్టం. అప్పట్లో నేను ఆమె ఏదో ఆచారంగా చెప్తోందనుకున్నాను. ఆమె చేసింది గుర్తుపట్టే పరీక్ష.

తవ్వినప్పుడు ఏం చూడాలి? వేరు నేరుగా కిందికి పోయి, మట్టిలో ఒక ఖాళీ గదిలోకి దిగి, ఆ స్పాంజిలాంటి తుట్టెకి అంటుకుని ఉండాలి. చుట్టూ చెదలు పరిగెత్తుతూ కనబడాలి. ఒక్కసారి అలా చూస్తే చాలు, ఆ గుంపులో మిగతావాటిని తవ్వక్కర్లేదు, పుట్టని పాడుచేయక్కర్లేదు. పొడవాటి వేరు ఉంటే చాలదా అంటే, చాలదు. నేలలో పూడిపోయిన కట్టె మీద మొలిచే వేరే రకం ఒకటుంది, దానికీ పొడుగాటి వేరుంటుంది. కాకపోతే ఆ వేరు కట్టె దగ్గర ఆగుతుంది, వాన తడికి దాని గొడుగు జిగురుగా ఉంటుంది. కాబట్టి వేరు ఎంత పొడుగు అన్నదాని కంటే ఎక్కడ ఆగింది అన్నది చూడాలి.

మూడోది రేకులు, గొడుగు కింద ఉండేవి. గిల్స్ అంటాం. ఇవి కాడకి అంటుకోవు, కాడ చుట్టూ సన్నటి ఖాళీ ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు తెలుపు, ముదిరేకొద్దీ లేత గులాబీ ఛాయ వస్తుంది. ఈ గులాబీ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

కాడని చీల్చి చూస్తే నార నారగా, ఉడికిన కోడిమాంసం పోగుల్లా విడిపోతుంది. కాడ మీద ఉంగరం లాంటిది కొన్ని రకాలకి ఉంటుంది, హైమీకి ఉంటుంది. కొన్నింటికి ఉండదు. కాబట్టి ఉంగరాన్ని బట్టి తేల్చుకోవద్దు.

ఇప్పుడు రెండోదాని దగ్గరికి రండి, మా ఇంటికి అంబులెన్స్‌ని రప్పించిన దానిది. పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. పట్టణాల్లో మీకు అందరికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. పార్కులు, లాన్లు, స్కూలు గ్రౌండ్లు, ఎరువు తోలిన తోటలు. గడ్డిలో గుండ్రటి వలయంగా మొలుస్తుంది. గొడుగు తెల్లగా, మీద గోధుమరంగు పొలుసులు, నడినెత్తిన పొలుసు పెద్దదిగా ఉంటుంది. ఆ మచ్చని చూసి ముక్కు అనుకోవడం చాలా తేలిక, నేను అలాగే అనుకున్నాను. వేలితో తాకితే తెలుస్తుంది. ఇక్కడ గట్టి మొన లేదు, చర్మం మీద మచ్చ మాత్రమే. కాడ మీద ఉంగరం పైకీ కిందికీ జరుగుతుంది. కాడ అడుగు కొద్దిగా ఉబ్బి అక్కడే ఆగిపోతుంది, వేరు లేదు. గడ్డి కింద చచ్చిన ఆకులూ ఎరువూ తిని బతికేదానికి లోతైన వేరుతో పనేముంది?

దీని అసలు గుర్తు ఆకుపచ్చ. రేకులు లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉంటాయి, ముదిరాక బూడిదరంగు కలిసిన పచ్చదనం వస్తుంది. చిక్కేంటంటే మనం లేతవే ఏరుకుంటాం. తెల్ల రేకులు చూసి మోసపోతాం. తిన్న గంట నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు, కడుపులో మెలితిప్పు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు సాధారణంగా బయటపడతారు. చిన్నపిల్లలకీ, పెద్దవయసువాళ్ళకీ ఒంట్లో నీరు పోవడమే ప్రమాదం.

సరే, లేతవాటి విషయంలో ఎలా తేల్చుకోవాలి? దానికి స్పోర్ ప్రింట్ అని ఒక పని ఉంది. బీజాల ముద్ర అనుకోండి. ఖర్చు లేదు, పిల్లలతో చేయించండి, వాళ్ళకి భలే ఇష్టం. విచ్చుకున్న గొడుగుని కాడ నుంచి తీసి, రేకులు కిందికి వచ్చేట్టు కాగితం మీద బోర్లించండి. కాగితం సగం తెలుపు, సగం నలుపు ఉంటే మంచిది. తెల్ల ముద్ర తెల్ల కాగితం మీద కనపడదు కదా. పైన గిన్నె మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున తీస్తే రేకుల ఆకారంలోనే పొడి రాలి ఉంటుంది. టెర్మిటోమైసిస్‌ది లేత గులాబీ, మీగడరంగు కలిసినట్టు. క్లోరోఫిల్లమ్‌ది మురికి ఆకుపచ్చ. (కాగితాలు చూపిస్తూ) ఇదిగోండి, రెండూ రాత్రి నేను పెట్టినవే. బల్ల మీద కవలల్లా కనిపించాయి కదా, ఇక్కడ చూడండి ఎంత తేడానో.

ముద్ర తెల్లగా వస్తే? అప్పుడు ఇంకా జాగ్రత్త. ఎందుకంటే అమనిటా అనే వర్గానికి ముద్ర తెలుపు. ప్రాణం తీసే రకాలు ఆ వర్గంలో ఉన్నాయి. దీనికి కాడ అడుగున ఒక సంచి ఉంటుంది, గుడ్డు పెంకులోంచి పిల్ల బయటికి వచ్చినట్టు చిరిగిన సంచి. ఆ సంచి మట్టిలో ఉంటుంది. మళ్ళీ అదే కథ. గుంజితే సంచి మట్టిలోనే ఉండిపోతుంది, మీ చేతిలో అందమైన తెల్ల పుట్టగొడుగు మిగులుతుంది. తవ్వినవాడికే సంచి కనిపిస్తుంది. అమ్మమ్మ గడ్డపలుగు ఒక్క దెబ్బకి రెండు పరీక్షలు చేసేదన్నమాట.

అమనిటాల్లో చాలావాటికి చెట్ల వేళ్ళతో పొత్తు. సాల్, ఓక్, పైన్, నీలగిరి లాంటి చెట్ల వేళ్ళని అల్లుకుని బతుకుతాయి. మన ఆదిలాబాద్, నల్లమల వైపు అడవుల్లో ఎక్కువగా ఉండే టేకుకి అలాంటి పొత్తు లేదు. అందుకని టేకడవిలో పెరిగిన మనిషి అస్సాం వెళ్ళో, హిమాలయాల వైపు వెళ్ళో తన ఊరి అనుభవంతో పుట్టగొడుగులు ఏరకూడదు. మన దగ్గరే జామాయిల్ తోటలో ఏరినా అంతే. చెట్టు మారితే కింద మొలిచేదీ మారుతుంది. అస్సాంలో 2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల్లోనే అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు, ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్ళు. వాళ్ళు ఎప్పుడూ తినేవాళ్ళే, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు కారు.

అమనిటా విషం గురించి ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. అది వెంటనే చూపించదు. తిన్నాక ఆరు గంటల నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఏమీ ఉండదు. తర్వాత వాంతులు, నీళ్ళ విరేచనాలు. ఆ తర్వాత ఒక రోజు తగ్గినట్టు అనిపిస్తుంది, లేచి తిరుగుతారు, ఇంటికి పంపించేయమంటారు. లోపల మాత్రం లివర్ దెబ్బతింటూ ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో బయటపడుతుంది. అందుకని లక్షణాలు ఆలస్యంగా మొదలైతే ఎక్కువ భయపడాలి. మాకు రెండు గంటల్లోనే మొదలయ్యాయని విని డాక్టరు కొంత ఊపిరి పీల్చుకున్నారు. మా అదృష్టం ఏంటో నాకు తర్వాత చదివితే తెలిసింది. అయితే రెండు రకాలు కలిపి తిన్నవాళ్ళకి ముందే వాంతులైనా, వెనక అసలు విషం ఉండొచ్చు. కాబట్టి ఎప్పుడు మొదలైనా ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. వండని ముక్కలు మిగిలితే, లేదా చెత్తబుట్టలో కాడలున్నా సరే, కాగితంలో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తిన్నవాళ్ళందరూ వెళ్ళండి, బాగున్నవాళ్ళు కూడా.

ఇంక ఊళ్ళల్లో చెప్పే పరీక్షలు. వెండి నాణెం వేస్తే నల్లబడుతుందంటారు, పసుపు వేస్తే రంగు మారుతుందంటారు, బియ్యం వేసి ఉడికించి చూడమంటారు. పురుగు తిన్నదైతే మనమూ తినొచ్చంటారు. ఒక్కటీ పనిచేయదండి. అమనిటా విషం వెండిని ఏమీ చేయదు, ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు. దాన్ని నత్తలు సుబ్బరంగా తింటాయి. పాతవాళ్ళ మాటలన్నీ మూఢనమ్మకాలు అని నేను అనను, వేరు చూడమన్నది కూడా పాతవాళ్ళే కదా. కానీ మొక్కనీ నేలనీ చూడమని చెప్పిన మాట వేరు, గిన్నెలో చూడమని చెప్పిన మాట వేరు. గిన్నెలో తేలే సంగతి కాదు ఇది.

ఇప్పుడు ఎక్కడ, ఎప్పుడు వెతకాలి? మా వైపు కార్తెల లెక్కన చెప్తారు. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, అంటే జూన్ చివరి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా. ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని అంటారు. ఉరుము వెంట వచ్చే పెద్ద వాన నేలని లోపలిదాకా తడపడం, ఆ తర్వాత రెండు రోజులు ఉక్కపోత ఉండడం, ఈ రెండూ కలిసిరావాలి. పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే గొడుగు వాలిపోతుంది, సాయంత్రానికి పురుగు పడుతుంది.

పుట్ట అనగానే నాగుల చవితికి పాలు పోసే నిలువెత్తు పుట్టే అనుకోకండి. చాలాసార్లు పైకి ఏమీ కనపడదు, నేల చదునుగా ఉంటుంది, గూడంతా కిందే ఉంటుంది. చేను గట్లు, బీడు భూములు, చింతచెట్టు కింద, అడవిలో ఆకులు రాలి కుళ్ళిన చోట్లు, దున్నని మూలలు. పుట్ట మీద కంటే పుట్ట చుట్టూ రెండు మూడు గజాల్లో ఎక్కువ లేస్తాయి. చుట్టుపక్కల చెట్ల మొదళ్ళకి మట్టి పూత ఉందా, ఎండు పుల్ల తిరగేస్తే చెదలు ఉన్నాయా అని చూసుకోండి. ఇంకో మాట, పుట్ట కన్నాల్లో చెయ్యి పెట్టకండి. పాము పుట్ట కట్టదు గానీ కట్టిన పుట్టలో అద్దెకుంటుంది.

ఒకసారి లేచిన చోట మరుసటేడు మళ్ళీ లేస్తాయి, చెదల గూడు బతికి ఉన్నంతకాలం. అందుకే ఊళ్ళో ఏ ఇంటివాళ్ళ చోటు వాళ్ళకి రహస్యం. మా అమ్మమ్మ సొంత చెల్లెలికి కూడా చెప్పేది కాదు. గూడు చచ్చిపోతే ఆ తుట్టె మీదకి జైలేరియా అనే వేరే శిలీంధ్రం వస్తుంది, నల్లటి పుల్లల్లా, కాలిన వేళ్ళలా నేలలోంచి పొడుచుకొస్తుంది. అవి కనిపిస్తే ఆ చోటి మీద ఆశ వదులుకోవచ్చు.

పుట్ట దగ్గర మొలిచిందల్లా మంచిదేనా? కాదు. ఎండ ప్రాంతాల్లో పుట్టల మీద పోడాక్సిస్ అని ఒకటి వస్తుంది. గొడుగు ఎప్పటికీ విచ్చుకోదు, మడిచిపెట్టిన గొడుగులాగే ఉండి, ముదిరాక లోపల నల్లటి పొడి అవుతుంది. రాజస్థాన్‌లో లేతవి తింటారు. మనకి సంబంధించినంతవరకు, రేకులు కనపడని దాన్ని ఇవాళ్టి లెక్కలోకి తీసుకోకండి. మొగ్గలు, ముడుచుకున్నవి అసలే వద్దు. లేత అమనిటా కూడా తెల్లటి గుడ్డులా ఉంటుంది.

ఒక్క మినహాయింపు చెప్పాలి. నేల మీద బియ్యం చల్లినట్టు వందలకొద్దీ చిన్న చిన్నవి, గొడుగు వేలి గోరంత ఉండేవి లేస్తాయి చూశారా? అవి మైక్రోకార్పస్ అనే రకం. టెర్మిటోమైసిస్సే, తింటారు కూడా. కానీ వీటికి ఆ పొడుగు వేరు ఉండదు. ఎందుకంటే చెదలే పాత తుట్టె ముక్కల్ని బయటికి మోసుకొచ్చి నేల మీద పరుస్తాయి, దాని మీద ఇవి మొలుస్తాయి. లోతు నుంచి రావక్కర్లేదు కాబట్టి వేరు అక్కర్లేదు. అర్థమైంది కదా, కారణం తెలిస్తే మినహాయింపు కూడా అర్థమవుతుంది. అయినా కొత్తవాళ్ళకి చిన్నవాటి జోలికి వెళ్ళొద్దనే చెప్తాను, అంత చిన్న సైజులో పోలికలు పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం.

వీటిని ఇంట్లో పెంచుకోవచ్చా అని చాలామంది అంటుంటారు. పాల పుట్టగొడుగు, ఆయిస్టర్ గడ్డి మీద హాయిగా పెరుగుతాయి. ఇది మాత్రం చెదలు లేకుండా గొడుగు ఎత్తదు. బజార్లో సాగు చేసి అమ్మే స్థాయి ఇంతవరకు రాలేదు. కాబట్టి ఎవరైనా ఏడాది పొడవునా పుట్టగొడుగు అని ప్యాకెట్లో అమ్మితే అది ఇది కాదు.

దీనికి పెద్ద శత్రువు మనమే. పుట్ట కనబడితే ట్రాక్టరుతో చదును చేయడం, చెదలని క్లోరిపైరిఫాస్ పోయడం. మందు పోసిన పుట్ట పక్కన లేచింది కూడా తినకూడదు, అది గుర్తుపట్టడంలో పొరపాటు లేకపోయినా సరే. రోడ్డు పక్కవీ, ఫ్యాక్టరీల దగ్గరవీ వద్దు, పుట్టగొడుగులు నేలలోని లోహాలని పీల్చుకుంటాయి. ఎవరి చేనో తెలుసుకుని వాళ్ళని అడగండి, మందు సంగతి కూడా వాళ్ళే చెప్తారు. రిజర్వు అడవి, అభయారణ్యం అయితే ఏరకూడదు, చూసి ఫోటో తీసుకుని రండి.

వంట సంగతి చెప్పమంటారేమో. మట్టి పోయేదాకా కడిగి, బాగా ఉడికించాలి, పచ్చిగా వద్దు, తెచ్చిన రోజే అయిపోవాలి. అంతకంటే నా దగ్గర వినకండి, వంటలో నా సర్టిఫికెట్ ఏంటో ఇందాకే చెప్పాను.

ఇంకొకటి. ఈ వీడియో చూసి, ఫోటోలో పోల్చుకుని తినేయకండి. ఫోటోలో వేరు కనపడదు, వాసన రాదు. మొదటి రెండు మూడు సీజన్లు ఏరడం అలవాటున్న పెద్దవాళ్ళ వెంట వెళ్ళండి. తవ్వండి, ముద్ర తీయండి, నోటుబుక్కులో తేదీ, చోటు, పక్కనున్న చెట్టు పేరు రాసుకోండి. నేను ఇప్పుడు అలాగే రాస్తున్నాను. మా అమ్మ ఇప్పటికీ తింటుంది, కాకపోతే నేను తెచ్చిన సంచీని ముందు తనే తిరగేసి, ఒక్కోదాని కాడ చివర చూస్తుంది. వేరు తెగిపోయి ఉంటే పక్కన పెట్టేస్తుంది. నేను తవ్వేటప్పుడు తెగింది, పుట్టదే అమ్మా, నా కళ్ళతో చూశాను అన్నా ఊరుకోదు. నిన్నటివాటిలో మూడు అలాగే పోయాయి.

వచ్చే ఎపిసోడ్‌లో ఉసిళ్ళ గురించి చెప్తాను, అదే పుట్టలోంచి తొలకరికి రెక్కలతో లేచేవి. అవి కొత్త గూడు పెట్టుకున్నాక శిలీంధ్రపు విత్తనం ఎక్కణ్ణుంచి వస్తుందన్నది దానికదే పెద్ద కథ.